గుట్ట తవ్వితే బావి ఎండుతుంది

మా నాన్న తవ్వించిన మోట బావి ఒకటి మా చేనులో ఇప్పటికీ ఉంది. అందులో నీళ్లు చూసి ముప్పై ఏళ్లు దాటింది. పిల్లలు పడతారని చుట్టూ ముళ్లకంప వేసి ఉంచాం. ఈ ఎండాకాలం పూడ్చేద్దామని మా తమ్ముడు అన్నాడు. పూడ్చే ముందు ఒకసారి చూద్దామని పొద్దున్నే వెళ్లి ఒడ్డున కూర్చున్నాను. తూర్పు ఎండ పడమటి గోడ మీద పడగానే పొరలన్నీ లెక్కపెట్టినట్టు కనిపించాయి. పైన రెండడుగుల చల్క. దాని కింద మూడు నాలుగడుగుల ఎర్రటి బంకమట్టి. ఆ కింద ముప్పై అడుగుల దాకా మొరం. మొరం మధ్య అక్కడక్కడా ఇరుక్కుపోయిన గుండ్రాళ్లు. అట్టడుగున పగుళ్లు వారిన రాయి. ఒకప్పుడు ఊట వచ్చింది ఆ పగుళ్లలో నుంచే.

ఆ బావి తవ్విన వడ్డెర మేస్త్రీ నా చిన్నప్పుడు ఒక మాట అంటుండేవాడు. రాయి పండితేనే నీళ్లు, పచ్చి రాయిలో ఏమీ ఉండదని. గడ్డపార దిగిందంటే పండిన రాయి, నిప్పు రాలిందంటే పచ్చి రాయి. ఆయన బడికి పోలేదు. కానీ మన నేలల గురించి భూగర్భ శాస్త్రం చెప్పేదానికి అది చాలా దగ్గరి మాట.

రాయి పండి మెత్తబడిన ఈ పొర గురించే ఈ వ్యాసం. గిట్టుబాటు ధర, రుణాలు, కరెంటు, ఎరువులు, కౌలు రైతుల గుర్తింపు మన డిమాండ్ల పట్టికలో ఉన్నాయి. ఇవన్నీ ఏ నేల మీద నిలబడి అడుగుతున్నామో ఆ నేల మాత్రం పట్టికలో లేదు. అది వానకు కొట్టుకుపోతోంది, టిప్పర్లలో తరలిపోతోంది, లోపలి తడి బోర్లలో అయిపోతోంది. ఇక దాన్ని కూడా మన డిమాండ్లలో చేర్చాలని నా అభిప్రాయం.

రాయి ఎలా పండుతుంది

తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలా భాగం గ్రానైట్, దాని జాతి రాళ్ల మీద ఉన్నాయి. ఈ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గ్రానైట్ ముక్క చేతిలోకి తీసుకుంటే మూడు రకాల పలుకులు కనిపిస్తాయి. గాజులా మెరిసేది పలుగు. తెల్లగానో గులాబీ రంగులోనో ఉండేది ఫెల్డ్‌స్పార్. నల్లగా రేకుల్లా ఊడేది అభ్రకం.

వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడును కొంత కలుపుకుని దిగుతుంది. నేలలోకి ఇంకాక వేర్లు, సూక్ష్మజీవులు వదిలే అదే వాయువు దానికి పదుల రెట్లు ఎక్కువగా తోడవుతుంది. అలా నీరు పలచని సోడాలా పులుస్తుంది. ఆ పులుపు ఫెల్డ్‌స్పార్‌ను తినేస్తుంది. అందులోని పొటాషియం, సోడియం, కాల్షియం నీటిలోకి వస్తాయి, మిగిలింది బంకమట్టి అవుతుంది. అభ్రకం విచ్చుకుని, దానిలోని ఇనుము తుప్పు పడుతుంది. మన చల్కల ఎరుపు ఆ తుప్పు రంగే. పలుగును మాత్రం ఆ పులుపు పెద్దగా ఏమీ చేయలేదు. అది ఇసుకగా మిగులుతుంది. వాగులో ఇసుక, పొలంలో బంక, బావి నీళ్లలో ఉప్పు, మూడూ ఒకే రాయి బిడ్డలు. పుస్తకాల్లో దీన్ని శిలాశైథిల్యం అంటారు.

చలి దేశాల్లో ఈ పని మెల్లగా సాగుతుంది. మన దగ్గర ఎండ వేడి, నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల పొడి కలిసి దాన్ని వేగిరం చేస్తాయి. వానాకాలం నీరు రాయిని కరిగిస్తుంది, ఎండాకాలం ఆ నీరు ఆరి ఉప్పులను, సున్నాన్ని వదిలిపోతుంది. చెట్టు వేరు పగులులోకి దిగి దాన్ని వెడల్పు చేస్తుంది. చెద పురుగులు కింది పొరల నుంచి తడి బంకను నోటితో మోసుకొచ్చి పుట్టలు కడతాయి. పుట్ట ఉన్నచోట నీరు దగ్గర ఉంటుందన్న నమ్మకం మనది ఈనాటిది కాదు. దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి వరాహమిహిరుడి బృహత్సంహితలోనే నీటి జాడ తెలిపే గుర్తుల్లో పుట్టలను చెప్పారు. చెదకు తడి కావాలి, తడి ఉండేది పండిన రాతిలో. ఆ నమ్మకం వెనక ఉన్న కారణం ఇంతే.

రాయి ముందు పగుళ్ల వెంట పండుతుంది. అన్ని వైపుల నుంచీ మెత్తబడుతూ వస్తే మధ్యలో గట్టి గుండు మిగులుతుంది. మా బావి గోడలో ఇరుక్కున్న గుండ్రాళ్లు అవే. చుట్టూ ఉన్న మొరం వానకు కొట్టుకుపోతే ఆ గుండ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని బయటపడతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల, భువనగిరి దారిలో కనిపించే రాళ్ల గుట్టలను ఎవరూ పేర్చలేదు. ఒకప్పుడు అవి నేల లోపల ఉండేవి. నేల ఎంత పోయిందో చెప్పే కొలరాళ్లు అవి.

ఒకే వాన, వేరు వేరు నేలలు

రాయి ఒకటే అయినా గుట్ట మీద ఒక నేల, దిగువన మరో నేల ఎందుకు? ఏ ఊరి చేను చూసినా మిట్టన దుబ్బ, చల్క, పల్లంలో రేగడి. మిట్టన నీరు నిలవదు. కరిగిన కాల్షియాన్ని, సన్న బంకను అది దిగువకు తీసుకుపోతుంది. పల్లంలో నీరు ఆగుతుంది, తెచ్చినదాన్ని అక్కడే వదులుతుంది. అలా ఏళ్ల తరబడి చేరినదే గ్రానైట్ ప్రాంతాల్లోని నల్లమట్టి. చెరువు కింది పొలం ఊరందరి చేలదీ అనడం ఊరికే అన్న మాట కాదు. దాని సారం పైచేలలోంచే వచ్చింది.

ఆదిలాబాద్ వైపు కథ వేరు. అక్కడ నేల కింద ఉన్నది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగి పరుచుకున్న లావా రాయి. అందులో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ, పలుగు ఉండదు. అది పండితే ఇసుక రాదు, వాననీటికి ఉబ్బి ఎండకు ముడుచుకునే బంక వస్తుంది. ఎండాకాలం నెర్రెలు బారి, పై మట్టి ఆ నెర్రెల్లోకి జారి, వానకు మళ్లీ పూడుకుంటుంది. తనను తాను దున్నుకునే నేల అది. ప్రపంచ భూసార శాస్త్రంలో నల్లనేలకు 'రేగర్' అని పేరుంది. అది మన 'రేగడి' నుంచి వెళ్లిన మాట.

జహీరాబాద్ దగ్గర, వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద ఇంకో రూపం కనిపిస్తుంది. లావా రాయి మరీ ఎక్కువ కాలం వానలో నాని, కరిగేవన్నీ పోయి, ఇనుము, అల్యూమినియం మిగిలి గట్టిపడిన ఎర్రటి జల్లెడ రాయి. 1807లో బుకానన్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు కేరళలో ఇలాంటి మట్టిని ఇటుకల్లా కోసి ఇళ్లు కట్టడం చూసి దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. ఆ గుట్టల మీద పడిన వాన జల్లెడ రాయిలో ఇంకి, కింద బంక పొర తగలగానే పక్కకు ఊటగా వస్తుంది. మూసీ నది పుట్టేది అనంతగిరిలోనే.

తూర్పు కనుమల్లో అరకు, చింతపల్లి కొండల మీద వానలు ఇంకా ఎక్కువ. అక్కడ రాతిలోని సిలికా కూడా కరిగిపోయి అల్యూమినియం మిగిలింది. బాక్సైట్ అంటే అదే. కంపెనీలకు అది ఖనిజం. కింద గూడేల్లో బతికే ఆదివాసీలకు అది వాననీటిని పట్టి ఊటగా వదిలే కొండ నెత్తి. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని తీర్పు ఇచ్చింది. ఆ పోరాటంలో ఆదివాసీలు కాపాడుకున్నది కూడా ఈ పండిన పొరనే. మైదాన రైతులం మనం ఆ కళ్లతో మన గుట్టలను ఇంకా చూడలేదు.

మొరం ఒక నీళ్ల గాదె

రాయలసీమ, తెలంగాణ రైతుకు అసలు జలాశయం కంటికి కనిపించదు. అది కాళ్ల కింద ఉన్న మొరం. దాని కింద పగుళ్లు వారిన రాతి పొర. ఆ రెండూ దాటితే పచ్చి రాయి.

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం దగ్గర హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు కలిసి ఇరవై ఏళ్లకు పైగా దీన్నే పరిశీలించారు. అక్కడ మొరం 10 నుంచి 15 మీటర్లు, దాని కింద పగుళ్ల పొర మరో 15 నుంచి 20 మీటర్లు ఉన్నాయి. నీరు పారే పగుళ్లలో ఎక్కువ భాగం సుమారు 35, 40 మీటర్ల లోపే, అంటే 120, 130 అడుగుల లోపే ఉన్నాయి. ఆ పగుళ్లు కూడా రాయి పండే క్రమంలో పుట్టినవే. లోతుకు పోయేకొద్దీ అవి తగ్గిపోతాయి. ఒకచోట మొరం మందంగా, మరోచోట పలచగా ఉండవచ్చు, లోతున పెద్ద పగులు దొరికిన బోరూ ఉండవచ్చు. కానీ లెక్క మొత్తానికి ఇదీ. అయినా మనం 500, 800 అడుగులు వేయిస్తున్నాం. అంత లోతున చాలాచోట్ల బండి తవ్వుతున్నది నీళ్లు లేని పచ్చి రాయిని. బండి వాడికి అడుగు లెక్కన డబ్బు వస్తుంది, మనకు అప్పు మిగులుతుంది.

మొరంలో ఎన్ని నీళ్లు పడతాయో మనమే లెక్క వేసుకోవచ్చు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. గ్రానైట్ మొరంలో బయటికి తోడుకోగల నీరు దాని పరిమాణంలో ఒకటిన్నర నుంచి మూడు శాతం అని భూగర్భ జల లెక్కల్లో వాడతారు. రెండు శాతం అనుకుందాం. ఎకరం కింద 10 మీటర్ల మొరం నిండా తడిసి ఉంటే అందులో 8 లక్షల లీటర్లు ఉన్నట్టు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 160. ఎకరానికి రెండంగుళాల తడి ఇవ్వడానికి 2 లక్షల లీటర్లు కావాలి. అంటే నాలుగు తడులు. మెట్ట పంటను గట్టెక్కించే నీరు అది. ఎకరం వరికి దానికి ఆరింతలు కావాలి.

కాబట్టి గాదె పెద్దది కాదు. ఏటా నింపుకుని, ఏటా వాడుకోవలసిన గాదె. పడిన వానలో పదో వంతు అటూ ఇటూగా మాత్రమే దానిలోకి దిగుతుంది. మహేశ్వరంలో ఆ మొరం పొర తోడకం ఎక్కువై చాలా వరకు పొడిగా మారిందని శాస్త్రజ్ఞులు చూశారు. మా నాన్న బావి కూడా అదే చెబుతోంది.

ఫ్లోరైడ్ చెప్పే పాఠం

ఈ గాదెను ఖాళీ చేసి పచ్చి రాతి దాకా పోతే ఏమవుతుందో నల్గొండ రైతుకు చెప్పనక్కర్లేదు. మన గ్రానైట్‌లోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీరు రాతితో ఎంత ఎక్కువ కాలం కలిసి ఉంటే అంత ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలోని కాల్షియం సున్నంగా పేరుకుపోయిన చోట ఫ్లోరైడ్‌కు అడ్డు లేకుండా పోతుంది. ఏటా కొత్త వాన కలిసే పైబావి నీళ్ల కంటే ఏళ్ల తరబడి రాతి సందుల్లో ఉన్న లోతు నీళ్లలో సాధారణంగా ఇది ఎక్కువ.

దేశంలో ఈ జబ్బు గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది. అది నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గురించి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకుంటే 1.5 వరకు పరిమితి అని ప్రమాణం. ఇప్పుడు చాలా ఊళ్లకు నది నీరు నల్లాల్లో వస్తోంది, అది మంచిదే. కానీ నల్లా వచ్చిందని గాదె సంగతి మరిచిపోతే పశువులు తాగేది, పంట తాగేది ఇప్పటికీ బోరు నీళ్లే.

మూడు దారుల్లో పోతున్నది

మొదటి దారి వరద. దేశంలో సాగు, బీడు అన్నీ కలిపి ఏటా హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోతోందని డెహ్రాడూన్‌లోని నేల, నీటి సంరక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1983లో అంచనా వేశారు. ఎకరానికి ఆరున్నర టన్నులు. పొలం మీద పరిస్తే ఒక మిల్లీమీటరు చిల్లర మందం. కంటికి ఆనదు. కానీ పాతికేళ్లకు అది ఒక అంగుళం. మన వంటి వేడి దేశంలో కూడా గ్రానైట్ మీద అంగుళం మట్టి తయారవడానికి వందల నుంచి వేల ఏళ్లు పడుతుంది. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి పొలం వచ్చేలోపు కొన్ని వందల ఏళ్ల సంపాదన వాగులో కలుస్తోంది. పోయేది కూడా సన్నటి బంక, ఎరువు, పెంట. మిగిలేది పలుగు రాళ్లు. నా చేను రాళ్లు కంటోందని రైతు అంటాడు. రాళ్లు పుట్టవు, మట్టి పోతే బయటపడతాయి.

రెండో దారి తవ్వకం. రోడ్డుకు మొరం, ప్లాట్లకు మొరం, కట్టలకు మొరం. ఊరి పక్క గుట్ట ఎవరిదీ కాదు కాబట్టి అందరి కన్నూ దాని మీదే. గుట్ట కింది అంచు చూడండి. అక్కడే మొరం మందంగా ఉంటుంది, గుట్ట మీద పడిన వాన అక్కడే ఇంకుతుంది. అక్కడ అయిదు మీటర్ల లోతున తవ్వేస్తే ఎకరానికి 4 లక్షల లీటర్ల గాదె పోయినట్టు. ఆ గుంతలో వానకు నీళ్లు నిలిస్తే చెరువు తవ్వినట్టే కదా అంటారు. ఆ నీళ్లు ఎండకు ఆవిరవుతాయి, మొరం కింద ఉన్నవి అంతలా ఆరవు. పైగా తవ్వకం చెరువులోకి వచ్చే కాలువను తెంపితే మత్తడి దూకే చెరువు అడుగంటుతుంది.

2000 సంవత్సరంలోనే కేంద్రం మామూలు మట్టిని కూడా చిన్న ఖనిజంగా ప్రకటించింది. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అయిదు హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకు కూడా పర్యావరణ అనుమతి కావాలన్నది. 2020 మార్చి 28న కేంద్ర పర్యావరణ శాఖ రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మట్టి తవ్వుకుంటే ముందస్తు అనుమతి అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. ఎంత మట్టి, ఎంత విస్తీర్ణం, ఏ పద్ధతి అన్న హద్దులేవీ పెట్టలేదు. ప్రజల అభ్యంతరాలూ అడగలేదు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. ఈ సంగతి మన ఊళ్లకు ఎంతవరకు చేరింది? టిప్పర్ డ్రైవర్‌ను ఆపి కాగితం అడిగే రైతు ఎంతమంది?

మూడో దారి తోడకం. ఇందులో తప్పు మనదీ, మన చేత అలా చేయించిన విధానాలదీ. మెట్ట పంటలకు ధర లేదు, కొనుగోలు లేదు. వరికి ఉంది. బోరు కిందా వరే వేస్తాం. నీళ్లు తక్కువ తాగే పంటకు గిట్టుబాటు ధర ఇవ్వని ప్రభుత్వం నీళ్లు పొదుపు చేయమని ఉపన్యాసం ఇస్తే రైతు వినడు.

నేనూ అమ్మాను

ఇది చదివి, మొరం లేకుండా రోడ్లెలా పడతాయి అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. మా ఊరికి రోడ్డు కావాలని ధర్నా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కట్ట తెగితే గండి పూడ్చడానికీ మొరమే కావాలి. ఎక్కడా గడ్డపార వేయొద్దని నేను అనడం లేదు.

ఇంకో సంగతీ దాచుకోకుండా చెప్పాలి. మా చేను ఎగువ మూలలో ఒక దిబ్బ ఉండేది. దున్నడానికి అడ్డమని, చదును అవుతుందని, పైగా ట్రిప్పుకింత ఇస్తామన్నారని ఒక ఎండాకాలం దాన్ని తవ్వనిచ్చాను. చేతికి వచ్చిన డబ్బు ఆ ఏడాది ఎరువుల అప్పుకు కూడా చాలలేదు. పై రెండడుగుల చల్క పక్కకు తీసిపెట్టమని చెప్పాలని అప్పుడు నాకు తోచలేదు. ఆ మూలన ఇప్పుడు కంది మోకాలెత్తు దాటదు. దాని దిగువ పక్క చేను వాళ్ల బోరు ఆ తర్వాతి ఎండాకాలం ముందే ఆగిపోయింది. నా తవ్వకం వల్లే అని నిరూపించలేను. కాదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పనూ లేను. దిబ్బ నాదే. దాని కింది నీరు నా ఒక్కడిదీ కాదు. పట్టా పుస్తకంలో ఆ తేడా రాసి లేదు.

రైతు అప్పులో ఉన్నప్పుడు మట్టి అమ్ముకుంటాడు. కాబట్టి రైతుకు నీతులు చెప్పి మట్టిని కాపాడలేం. పంటకు ధర వస్తే మట్టి నిలుస్తుంది. మన మిగతా డిమాండ్లకూ ఈ డిమాండుకూ సంబంధం అక్కడుంది.

మన చేతిలో ఉన్న ఉపాయాలు

చేయగలిగింది ఏమీ లేదని నిట్టూర్చనక్కర్లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1976 నుంచి నల్లరేగడిలో రెండు మడులను పక్కపక్కనే పెట్టి చూస్తోంది. పాత పద్ధతి మడిలో హెక్టారుకు ఏటా ఆరు టన్నులకు పైగా మట్టి పోయింది. వాలుకు తగ్గట్టు వెడల్పు బోదెలు, కాలువలు చేసి, జొన్న కందులు కలిపి వేసి, ఎరువు సరిగా ఇచ్చిన మడిలో పోయింది రెండు టన్నుల లోపే. దిగుబడి కూడా అదే మడిలో ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. మట్టిని ఆపడం, పంటను పెంచడం రెండు వేరు పనులు కావు.

చెరువు పూడిక మన తాతల నాటి ఉపాయం. పైచేలలోంచి పోయిన సన్న బంకను ఎండాకాలంలో బండ్ల మీద తిరిగి పైచేలకు ఎక్కించేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుని ఈ పనికి మళ్లీ ఊపిరి పోసింది. పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది, ట్రాక్టర్ కిరాయి రైతుది. కిరాయి పెట్టుకోగలిగినవాడికి మట్టి దక్కింది. రెండెకరాల రైతుకు, ఏటికేడు మారే కౌలు రైతుకు దక్కింది తక్కువ. వచ్చే ఏడాది ఎవరి చేతికి పోతుందో తెలియని పొలానికి కౌలు రైతు సొంత డబ్బుతో మట్టి తోలడు. అది ఆయన తప్పు కాదు.

నీటి లెక్క రైతే చూసుకోగలడని కూడా మనమే రుజువు చేశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, వందలాది గ్రామాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఏ పంట ఎంత వేయాలో మాట్లాడుకున్నారు. బలవంతం లేదు, జరిమానా లేదు. లెక్క అందరి ముందూ గోడ మీద ఉంటే మనిషి ఆలోచిస్తాడు.

మనం ఏం అడగాలి

ఒకటి. మొరం, గ్రావెల్ తవ్వకానికి గ్రామసభ ఆమోదం తప్పనిసరి కావాలి. అనుమతి కాగితం, లోతు, విస్తీర్ణం, గడువు పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి. చెరువులోకి నీరు వచ్చే దారుల్లో, గుట్టల అడుగు వాలులో తవ్వకం నిషేధించాలి.

రెండు. తవ్విన ప్రతిచోటా పైమట్టిని వేరుగా తీసి, పని అయ్యాక తిరిగి పరిచే బాధ్యత తవ్వినవారిదే కావాలి. అందుకు ముందే డిపాజిట్ కట్టించాలి. మట్టి మీద వచ్చే సీనరేజిలో వాటాను ఆ ఊరి నేల, నీటి పనులకే ఖర్చు చేయాలి.

మూడు. కేంద్ర భూగర్భ జల మండలి దేశమంతా జలధరల పటాలు గీయిస్తోంది. అవి కంప్యూటర్లలో ఉన్నాయి. మన ఊళ్లో మొరం ఎంత లోతు, పగుళ్లు ఎంతవరకు, బోరు ఎన్ని అడుగులకు మించి వేస్తే దండగ అన్నది ఒక పేజీలో ప్రతి పంచాయతీకి ఇవ్వాలి. 2002 నాటి వాల్టా చట్టం బోరుకు అనుమతి అడుగుతుంది. అనుమతితో పాటు ఈ సమాచారం కూడా ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత కావాలి.

నాలుగు. పూడిక రవాణా ఖర్చును చిన్న, సన్నకారు, కౌలు రైతులకు ప్రభుత్వం భరించాలి. తోలే ముందు పూడికకు పరీక్ష చేయాలి. పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసే చెరువుల మట్టి పొలానికి మందు కాదు, విషం.

అయిదు. జొన్న, కంది, వేరుశనగ, చిరుధాన్యాలకు మద్దతు ధరతో పూర్తి కొనుగోలు. ఇది ధర డిమాండ్ మాత్రమే అనుకోకండి, భూగర్భ జలాల డిమాండ్ కూడా.

ఇవి అడుగుతూనే మనం చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి గ్రామ కమిటీ వచ్చే వానకు ముందు ఒక రోజు ఊరి చుట్టూ నడవాలి. ఎక్కడ గట్లు తెగాయి, ఎక్కడ ఒర్రె కొత్తగా కోసింది, ఏ గుట్టకు టిప్పర్ దారి పడింది, ఏ పాత బావి గోడలో ఎన్ని అడుగుల మొరం కనిపిస్తోంది అన్నది ఒక నోటు పుస్తకంలో రాయాలి. వడ్డెర పెద్దలు ఇంకా బతికి ఉన్న ఊళ్లలో వాళ్లను వెంట తీసుకుపోవాలి. ఎక్కడ గడ్డపార దిగిందో, ఎక్కడ నిప్పు రాలిందో వాళ్లకు గుర్తుంటుంది. తహసీల్దారు ముందు పెట్టడానికి అంతకంటే బలమైన కాగితం మన దగ్గర మరొకటి ఉండదు.

మా బావిని పూడ్చొద్దని మా తమ్ముడికి చెప్పాను. దాని ఎగువన వరద వచ్చే దారిలో రాళ్లు, ఇసుక వేసి జల్లెడ కట్టి, తేరిన వాననీరు అందులోకి దిగేలా చేస్తున్నాం. ఒక్క బావితో ఊరి గాదె నిండదు. నిండాలంటే ఎగువ గుట్ట నిలవాలి, పక్క చేల గట్లు నిలవాలి. అది నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు కాబట్టే సంఘం పత్రికలో రాస్తున్నాను.